పాత కంప్యూటర్లలో బ్రౌజర్ మారిస్తే చాలా? నెట్ సెంటర్ల వాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి

బస్టాండ్ నెట్‌సెంటర్ (తిరుపతి)

అందరికీ నమస్కారం. తిరుపతి ఆర్టీసీ బస్టాండు దగ్గర నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. దర్శనం టికెట్లు, కొండ మీద గదులు, హాల్ టికెట్లు, కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు, పాన్ కార్డు దరఖాస్తులు... షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా పనంతా బ్రౌజర్‌లోనే. ఆరు కంప్యూటర్లలో నాలుగింటిలో ఇప్పటికీ విండోస్ 7, ర్యామ్ 4 జీబీ. వాటిలో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. ఇకపై అప్‌డేట్లు రావని పైన ఒక పట్టీ కనిపిస్తుంది. మావాళ్లు దాన్ని మూసేసి పని కానిస్తున్నారు.

ఈమధ్య కొన్ని సైట్లు సగం తెరుచుకుని ఆగిపోతున్నాయి. బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. అదే సైటు నా ఫోనులో చక్కగా వస్తోంది. రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలయ్యే ఉదయం ఇలా జరిగితే, పక్కన కుర్చీలో కూర్చుని ఎదురుచూసే వాళ్లకు ఏమని సమాధానం చెప్పాలి?

కొత్త బ్రౌజర్లు నిజంగానే వేగంగా ఉంటాయా, లేక కొత్త కంప్యూటర్లు కొనిపించడానికే ఇదంతానా? భద్రత అంటారు. యాంటీవైరస్ ఉన్నప్పుడు పాత బ్రౌజర్‌తో వచ్చే నష్టమేమిటి? తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

పీలేరు రైతుబిడ్డ

పని జరుగుతున్నంత కాలం ముట్టుకోవద్దనే నా సలహా. ఒకప్పుడు 2 జీబీ ర్యామ్‌లో హాయిగా నడిచిన బ్రౌజర్‌కు ఇప్పుడు పది ట్యాబులు తెరిస్తే 4 జీబీ కూడా చాలడం లేదు. దీన్ని మెరుగుపడటం అని ఎలా అంటాం?

స్వర్ణముఖి తీరం (శ్రీకాళహస్తి, ఉద్యోగం బెంగళూరులో)

నెట్‌సెంటర్ అన్నా, ముందు భద్రత సంగతి చెబుతాను. మీ దగ్గర అసలు ప్రమాదం అక్కడే ఉంది.

క్రోమ్ 109 వచ్చింది 2023 జనవరిలో. మరుసటి నెల వచ్చిన 110 నుంచి విండోస్ 10 లేనిదే ఎక్కదు. 2021లో క్రోమ్ నాలుగు వారాలకొక కొత్త వెర్షన్ ఇచ్చే పద్ధతికి మారింది, మధ్యమధ్యలో భద్రతా సవరణలు వేరే. సవరణ అందరికీ చేరాక ఏ లోపాన్ని పూడ్చారో ప్రకటిస్తారు. క్రోమ్‌కు ఆధారమైన క్రోమియం కోడు బహిరంగంగానే ఉంటుంది కాబట్టి, ఏ వరుస మారిందో ఎవరైనా చూడవచ్చు. అంటే కొత్త వెర్షన్‌లో పూడ్చిన లోపం పాత వెర్షన్‌లో ఎక్కడుందో దాడి చేసేవాళ్లకు తెలిసిపోతుంది. మీ 109లో అది అలాగే ఉంటుంది. 109 తర్వాత ఇలా బయటపడినవన్నీ పోగుపడుతూ వస్తున్నాయి.

యాంటీవైరస్ ప్రధానంగా డిస్కు మీదికి వచ్చే ఫైళ్లను, నడిచే ప్రోగ్రాములను చూస్తుంది. ఒక పేజీ ఇంకో పేజీలోని లాగిన్‌ను కాజేస్తే, అదంతా బ్రౌజర్ లోపలే జరిగిపోతుంది. దాన్ని యాంటీవైరస్ పట్టుకుంటుందన్న భరోసా పెట్టుకోకండి.

పీలేరు అన్న అడిగిన ర్యామ్ ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. 2008 సెప్టెంబరులో క్రోమ్ వచ్చేనాటికి మిగతా ప్రధాన బ్రౌజర్లు చాలావరకు అన్ని పేజీలనూ ఒకే ప్రోగ్రాములో నడిపేవి. ఒక ట్యాబు కుప్పకూలితే అన్నీ పోయేవి. క్రోమ్ పేజీలను వేర్వేరు ప్రాసెస్‌లుగా (విడివిడిగా నడిచే పనులుగా) విడగొట్టి, ఒక్కొక్కదాన్నీ శాండ్‌బాక్స్ అనే కంచెలో పెట్టింది. పేజీలోకి దుర్మార్గపు కోడు చొరబడినా అది నేరుగా మన ఫైళ్లను తాకలేదు. 2018 జనవరిలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. ప్రాసెసర్ వేగం కోసం ముందే ఊహించి చేసే పనిని ఆసరా చేసుకుని, ఒకే ప్రాసెస్‌లో ఉన్న ఇంకో సైటు సమాచారాన్ని చదివే వీలుందని తేలింది. అదే ఏడాది క్రోమ్ 67లో ఏ సైటుకు ఆ సైటు ప్రాసెస్ వేరుగా ఉండేలా చేశారు. దానివల్ల 10 నుంచి 13 శాతం ర్యామ్ అదనంగా పడుతుందని గూగుల్ అప్పుడే చెప్పింది. ఫైర్‌ఫాక్స్ కూడా 2021లో అదే దారి పట్టింది.

ఆ ర్యామ్ వృథా పోలేదు. మీ బ్యాంకు ట్యాబుకూ పక్కనున్న సినిమా పాటల ట్యాబుకూ మధ్య గోడ కట్టడానికి ఖర్చయింది.

కట్టమంచి విశ్రాంత ఉద్యోగి (చిత్తూరు)

ఆ గోడ లేని రోజులు చూసినవాడిని కాబట్టి నాలుగు మాటలు రాస్తాను.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చింది 2001లో. దాని తర్వాతి వెర్షన్ 2006 దాకా రాలేదు. నెట్‌స్కేప్ అనే బ్రౌజర్‌ను ఓడించాక చాలాకాలం గట్టి పోటీ లేదు, ఐదేళ్లు కొత్త వెర్షనూ లేదు. తెర సగం టూల్‌బార్లే ఉండేవి. ఏదో ఒక ఉచిత ప్రోగ్రాము వేసుకుంటే దానితో ఒక టూల్‌బారు, వాతావరణం చూపే ఇంకో టూల్‌బారు వచ్చి కూర్చునేవి. చిరునామా పెట్టె ఎక్కడో వెతుక్కోవాల్సి వచ్చేది. ఒక పేజీ తెరిస్తే దాని వెనక నాలుగు కిటికీలు పుట్టుకొచ్చేవి.

మా కార్యాలయంలో ఒక పోర్టల్ ఉండేది. ఆ ఒక్క బ్రౌజర్‌లోనే తెరుచుకునేది. యాక్టివ్‌ఎక్స్ (సైటు పంపే ప్రోగ్రాములు) అనుమతించాలి, జావా పాత వెర్షనే ఉండాలి, భద్రతా సెట్టింగును అట్టడుగుకు దించాలి అని సూచనల కాగితం మీదే అచ్చువేసి ఇచ్చారు. దాన్ని గోడకు అంటించుకుని పని చేశాం. అదే కంప్యూటరులో మధ్యాహ్నం వేళ సిబ్బంది తమ సొంత బ్యాంకు ఖాతాలు కూడా తెరిచేవారు. తలచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది.

అందుకే నా దృష్టిలో బ్రౌజర్‌కు జరిగిన గొప్ప మేలు తీసివేతలే. 2015లో క్రోమ్ పాత ప్లగిన్‌ల (బ్రౌజర్‌కు తగిలించే బయటి ప్రోగ్రాముల) పద్ధతిని పూర్తిగా తొలగించింది, పేజీలో నడిచే జావా ఆప్లెట్లు దానితోనే పోయాయి. 2020 డిసెంబరు 31తో, వీడియోలు, ఆటలు నడిపిన ఫ్లాష్‌కు మద్దతు ముగిసింది. 2022 జూన్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే సెలవిచ్చారు. వీడియో, బొమ్మల కదలిక, పీడీఎఫ్ అన్నీ ఇప్పుడు బ్రౌజరే చూసుకుంటుంది. బయటి ప్రోగ్రాము ఎక్కించమని ఏ సైటైనా ఈ రోజుల్లో అడిగితే మొదట అనుమానించాలి.

చర్చి వీధి డీటీపీ (చిత్తూరు)

సార్ చెప్పినదానికి తెలుగు వైపు నుంచి ఒకటి చేరుస్తాను. విండోస్ ఎక్స్‌పీ కాలంలో తెలుగు సరిగా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, క్లిష్ట లిపుల ఫైళ్లు ఎక్కించే గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ పెట్టాలి. లేకపోతే 'క్షే' మూడు ముక్కలై కనిపించేది. తెలుగు దినపత్రికల సైట్లు ఒక్కొక్కటీ తమ సొంత ఫాంటుతో నడిచేవి. ఒక బ్రౌజర్‌లో తెలుగుగా కనిపించిన వార్త ఇంకోదానిలో పిచ్చి గుర్తుల కుప్పగా కనిపించేది. ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అనే యాడ్ఆన్ వేసుకుంటే ఆ గుర్తులను, అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. అది చేసినవాళ్లకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇప్పుడు మా అమ్మ ఫోనులో ఏ బ్రౌజర్ తెరిచినా ఒత్తులు, గుణింతాలు పొందికగా వస్తున్నాయి. సైటు తనకు కావలసిన ఫాంటును తనే వెంట పంపుకుంటుంది. పేజీలో తెలుగు మాటను వెతకవచ్చు, నకలు తీసుకోవచ్చు. బ్రౌజర్ల చరిత్ర రాసేవాళ్లు ఈ మార్పును వదిలేస్తారు. మనకు మాత్రం వేగం కంటే ఇదే ముందు.

ఎస్వీయూ హాస్టల్

అన్నలూ, వేగం గురించి ఎవరూ చెప్పలేదు. మా హాస్టల్ వైఫైలో ఒకే నెట్ మీద స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో పేజీ వెంటనే వస్తుంది, నా పాతదాంట్లో నత్తనడక. నెట్ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది?

స్వర్ణముఖి తీరం

తమ్ముడూ, పేజీ తెరుచుకోవడంలో రెండు భాగాలుంటాయి. సమాచారం మన దగ్గరికి రావడం ఒకటి. వచ్చినదాన్ని చదివి, అందులోని జావాస్క్రిప్ట్ కోడు నడిపి, తెర మీద గీయడం రెండోది. ఈ రెండోది నీ ప్రాసెసర్, ర్యామ్ మీద ఆధారపడుతుంది. నీ తేడా చాలావరకు అక్కడే.

మొదటిదాని సంగతి. సమాచారం తెచ్చే పాత పద్ధతి హెచ్‌టీటీపీ 1.1లో బ్రౌజర్లు ఒక సైటుకు మామూలుగా ఆరు దారులు తెరిచేవి. ఒక్కో దారిలో ఒకటి అడిగి, అది వచ్చాకే ఇంకోటి అడగాలి. పేజీలో ఎనభై బొమ్మలుంటే వరుసలో నిలబడాల్సిందే. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ 2 ఒకే దారిలో అన్నిటినీ కలిపి తెస్తుంది. 2018 నాటి టీఎల్‌ఎస్ 1.3, గుప్త సంభాషణ మొదలుపెట్టే ముందు జరిగే పలకరింపుల్లో ఒక విడత తగ్గించింది. 2022లో ప్రమాణమైన హెచ్‌టీటీపీ 3 క్విక్ అనే పద్ధతి మీద నడుస్తుంది. ఒక ప్యాకెట్ (సమాచారపు చిన్న ముక్క) దారిలో పోయినా మిగతా ఫైళ్లు ఆగవు. ఐపీ చిరునామా మారినా సంబంధం తెగకుండా కొనసాగించే ఏర్పాటు కూడా అందులో ఉంది. హాస్టల్ వైఫై వదిలి గేటు బయట మొబైల్ డేటాలోకి వచ్చినప్పుడు ఉపయోగపడేది ఇదే. సిగ్నల్ వచ్చిపోయే ఘాట్ రోడ్డు బస్సులోనూ, ప్యాకెట్లు పోయే చోట కనుక, దీని మేలు తెలుస్తుంది. అయితే అవతలి సర్వర్ కూడా ఈ పద్ధతిని అమర్చుకుని ఉండాలి.

రెండో భాగంలో పెద్ద మలుపు 2008. క్రోమ్‌తోపాటు వచ్చిన వీ8 ఇంజిను జావాస్క్రిప్టును అక్కడికక్కడే ప్రాసెసర్ భాషలోకి మార్చి నడిపింది. ఫైర్‌ఫాక్స్, సఫారీ కూడా అదే సమయంలో కొత్త ఇంజిన్లతో పోటీకి దిగాయి. మ్యాపులు, పత్రాలు రాసుకోవడం, వీడియో సమావేశాలు బ్రౌజర్‌లోనే జరుగుతున్నాయంటే ఆ పోటీ పుణ్యమే. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పేజీ అలంకరణను లెక్కించే పనిని ప్రాసెసర్‌లోని అన్ని కోర్లకూ పంచింది. ఆ భాగాన్ని రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశారు. 2020లో క్రోమియం బృందం తమ తీవ్రమైన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీని తప్పుగా వాడటం వల్ల వచ్చినవేనని చెప్పింది. అలాంటి తప్పులను ముందే అడ్డుకోవడానికి పుట్టిన భాష రస్ట్. వేగం, భద్రత ఒకే మార్పులో వచ్చిన అరుదైన సందర్భం అది.

ఒక్క నిజం ఒప్పుకోవాలి. బ్రౌజర్ సంపాదించిపెట్టిన వేగాన్ని సైట్లు తినేస్తున్నాయి. ఒక చిన్న ఫారం పేజీకి కూడా మెగాబైట్ల కొద్దీ జావాస్క్రిప్ట్ పంపుతున్నారు. పీలేరు అన్న కోపంలో సగం అటు మళ్లాలి.

పీలేరు రైతుబిడ్డ

గోడ సంగతి ఒప్పుకుంటాను. అలాంటి కారణం ఉందని తెలిస్తే ర్యామ్ ఖర్చు న్యాయమే. కానీ ఇంకో బాధ ఉంది. ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్, శామ్‌సంగ్ ఫోనులో వచ్చేది... పేర్లు వేరు, లోపల అన్నిటికీ క్రోమియమే. 2020లో మైక్రోసాఫ్ట్ కూడా సొంత ఇంజిను (పేజీని చదివి గీసే లోపలి భాగం) వదిలేసి ఇటే వచ్చింది. కట్టమంచి సార్ చెప్పిన ఆ ఐదేళ్ల మొద్దునిద్ర మళ్లీ రాదని ఏమిటి నమ్మకం? ప్రకటనల మీద బతికే సంస్థ చేతిలో బ్రౌజర్ ఉంటే, ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్లకు (బ్రౌజర్‌కు చేర్చుకునే చిన్న ప్రోగ్రాములకు) చిక్కులు రాక మానవు. మేనిఫెస్ట్ వీ3 అని ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చాక, ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పాత రూపంలో క్రోమ్‌లో పనిచేయడం ఆగిపోయింది.

కట్టమంచి విశ్రాంత ఉద్యోగి

మీ భయం సరైనదే. నేను ఫైర్‌ఫాక్స్ వాడటానికి కారణం కూడా అదే. దాని గెకో ఇంజిను, ఆపిల్ వాళ్ల వెబ్‌కిట్ మిగిలి ఉన్నంతకాలం సైట్లు రాసేవాళ్లు ప్రమాణాలను చూసి రాయాల్సి వస్తుంది. మనల్ని గుర్తుపట్టడానికి ఇతర సైట్లు దాచే కుకీలను సఫారీ 2020లో పూర్తిగా అడ్డుకుంది. ఫైర్‌ఫాక్స్ 2022లో ఏ సైటు కుకీలు ఆ సైటుకే పరిమితమయ్యేలా చేసింది. క్రోమ్ ఆపుతానని చెప్పి, చివరికి ఆ ఆలోచన విరమించుకుంది. ఏ ఇంజిను ఎవరి చేతిలో ఉందన్నది ఇంత తేడా తెస్తుంది.

మదనపల్లె మాస్టారు

చర్చ చాలా బాగుంది. పిల్లలకు కంప్యూటర్ పాఠం చెప్పేటప్పుడు నాకు ఎదురయ్యే చిక్కు ఒకటి. చిరునామా పక్కన తాళం బొమ్మ ఉంటే సైటు మంచిదని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతున్నారు. పాఠ్యపుస్తకం పక్కన రాసుకున్న పాత నోట్సుల్లోనూ అదే ఉంటుంది. ఇది ఎంతవరకు నిజం?

స్వర్ణముఖి తీరం

మాస్టారూ, ఆ నోట్సు వెంటనే మార్పించండి. తాళం చెప్పేది ఒక్కటే: మీకూ ఆ చిరునామా గల సర్వర్‌కూ మధ్య నడిచే మాటలు మూడోవాడు వినలేడు, మార్చలేడు. అవతలివాడు మంచివాడో దొంగో అది చెప్పదు.

ఒకప్పుడు అదే గొప్ప. 2010లో ఫైర్‌షీప్ అనే ఎక్స్‌టెన్షన్ వచ్చింది. కాఫీ హోటల్ వైఫైలో కూర్చుని, పక్క బల్ల మీదివాళ్ల లాగిన్‌ను ఒక్క నొక్కుతో కాజేయవచ్చని లోకానికి చూపింది. 2015 చివరి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ అందుకు కావలసిన సర్టిఫికెట్లను ఉచితంగా ఇవ్వడంతో చిన్న సైట్లకూ గుప్త సంభాషణ అందింది. 2018 జులైలో క్రోమ్ 68, తాళం లేని హెచ్‌టీటీపీ సైట్లన్నిటి మీదా 'సురక్షితం కాదు' అని రాయడం మొదలుపెట్టింది. ఇప్పుడు దాదాపు ప్రతి సైటుకూ ఆ సదుపాయం ఉంది, మోసం చేసే సైటుకు కూడా. అందుకే 2023లో క్రోమ్ తాళం బొమ్మ తీసేసి, సెట్టింగుల గుర్తు పెట్టింది.

చర్చి వీధి డీటీపీ

తితిదే పేరుతో వచ్చే నకిలీ సైట్లకు కూడా ఆ గుప్త సంభాషణ ఉంటుంది మాస్టారూ. దేవస్థానం వాళ్లు ఎన్నిసార్లు హెచ్చరించినా, సెర్చ్‌లో పైన కనిపించినదాన్ని నొక్కి గదికి డబ్బు కట్టేసి, కొండ మీదికి వెళ్లాక ఏడ్చేవాళ్లు ఉన్నారు. చిరునామాను కుడి నుంచి ఎడమకు చదవడం నేర్పండి. మొదట్లోని https:// వదిలేస్తే, మొదటి ఏటవాలు గీత (/) రాకముందు చివరన ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉందా? దాని ముందు తితిదే పేరు ఉందా? తిరుపతి, బాలాజీ, దర్శన్ అన్న మాటలు చిరునామా మొదట్లో ఎవరైనా పెట్టుకోవచ్చు. చివరి గవ్ డాట్ ఇన్ మాత్రం ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు.

ఇంకొక సాయం బ్రౌజరే చేస్తుంది. ఇంట్లో సొంత ఫోనులో పాస్‌వర్డును బ్రౌజర్‌లో దాచుకుంటే, అది అసలు చిరునామాలోనే నింపుతుంది. అచ్చం అలాగే ఉన్న నకిలీ పేజీలో ఖాళీగా వదిలేస్తుంది. మన కంటికి ఆనని ఒక్క అక్షరం తేడా దానికి తెలుస్తుంది. ఎప్పుడూ నిండే గడి ఖాళీగా కనిపిస్తే అక్కడే ఆగి చిరునామా చదవాలి.

బస్టాండ్ నెట్‌సెంటర్

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక మా కంప్యూటర్లను మళ్లీ పరిశీలనగా చూశాను. ఒక దరఖాస్తు ఫారంలో ఆధార్ గడిలో మొదటి అంకె కొట్టగానే కిందికి ఒక జాబితా జారింది. అన్నీ ఇంతకుముందు వచ్చిన వాళ్ల ఆధార్ నంబర్లు. ఫోను నంబరు గడిలోనూ, తండ్రి పేరు గడిలోనూ అంతే. డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిస్తే టికెట్లు, మార్కుల జాబితాలు, ఆధార్ పీడీఎఫ్‌లు. ఎవరో ఒక అమ్మాయి కౌన్సెలింగ్ పేజీ లాగౌట్ కాకుండానే ఉంది. ఇంకొకరు కూర్చుని ఆప్షన్లు మార్చేస్తే ఆ పిల్ల చదువు ఏమవుతుంది? అన్నీ తుడిపించాను. దీనికి శాశ్వతంగా ఏం చేయాలి?

స్వర్ణముఖి తీరం

గెస్ట్ విండో అన్నా. క్రోమ్‌లో కుడివైపు పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కితే కనిపిస్తుంది. ఆ విండోలన్నీ మూసేయగానే చరిత్ర, కుకీలు, లాగిన్‌లు పోతాయి. పాత ప్రొఫైల్‌లో దాచినవి అందులో కనబడవు. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం డిస్కు మీదే ఉండిపోతాయి, అవి మీరే తీసేయాలి. మనిషి మారిన ప్రతిసారీ విండో మూసి కొత్తది తెరవడం అలవాటు చేయండి.

ఇక యంత్రాలు. ఆ నాలుగింటికీ విండోస్ 11 అధికారికంగా ఎక్కకపోవచ్చు. అది టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ అడుగుతుంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరులో ముగిసింది. వాటిలో విండోస్‌కు బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేయండి, ఉచితం. తాజా ఫైర్‌ఫాక్స్ దానితోనే వస్తుంది. పాత హార్డ్ డిస్కు తీసి, దానికంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ పెడితే కొత్త ప్రాణం వస్తుంది.

దర్శనం టికెట్ల ఉదయం గురించి ఒక మాట. వర్చువల్ క్యూలో ఎంతసేపు ఆగాలో నిర్ణయించేది అవతలి సర్వర్. ఏ బ్రౌజరూ దాన్ని తగ్గించలేదు. క్యూ దాటాక భక్తుల వివరాలు నింపే దగ్గర మాత్రం బటన్ పనిచేసే తాజా బ్రౌజర్ ఉండాలి.

పీలేరు రైతుబిడ్డ

లినక్స్ వేసే ముందు వేలిముద్ర యంత్రం చూసుకోండి అన్నా. నేను మా ఊళ్లో ఆధార్ చెల్లింపులు చేస్తాను. ఆ పరికరానికి ఆర్‌డీ సర్వీసు అనే ప్రోగ్రాము కావాలి, మా కంపెనీ దాన్ని విండోస్‌కు, ఆండ్రాయిడ్‌కే ఇస్తుంది.

స్వర్ణముఖి తీరం

మంచి మాట గుర్తు చేశారు. ఆ ఒక్క కౌంటరుకు విండోస్ ఉంచండి. దానికి సంబంధించి ఇంకొకటి: ఇటీవలి క్రోమ్‌లో, ఒక సైటు మన కంప్యూటర్‌లోనే నడిచే ఇంకో ప్రోగ్రాముతో మాట్లాడబోతే అనుమతి అడుగుతుంది. వేలిముద్ర తీసే సైటు చేసేది సరిగ్గా అదే. తొందరలో 'వద్దు' నొక్కితే యంత్రం దొరకలేదని చూపుతుంది, పరికరం చెడిపోయిందనుకుంటారు. చిరునామా సరిచూసుకుని ఆ సైటుకు మాత్రం అనుమతి ఇవ్వండి.

బస్టాండ్ నెట్‌సెంటర్

వేలిముద్ర కౌంటరుకు కొత్త విండోస్ 11 కంప్యూటర్ తెచ్చాను. రెండు పాతవాటికి ఎస్‌ఎస్‌డీ పెట్టి మింట్ వేశాం. ప్రింటరు ఏ ఇబ్బందీ లేకుండా పలికింది. సగంలో ఆగిన ఆ సైట్లు ఇప్పుడు పూర్తిగా తెరుచుకుంటున్నాయి. మిగతా రెండూ మామిడి సీజను రద్దీ మొదలయ్యేలోపు మారుస్తాను, అప్పటిదాకా వాటిని టైపింగుకు, ప్రింటింగుకు మాత్రమే ఉంచి నెట్ తీసేశాను.

పలమనేరు మీసేవ

ఇక్కడ చదివి మేమూ గెస్ట్ విండో మొదలుపెట్టాం. రోజూ బొమ్మ నొక్కి వెళ్లాల్సి వస్తోంది, సిబ్బంది మరిచిపోతున్నారు. క్రోమ్ తెరవగానే నేరుగా గెస్ట్‌లోకి వెళ్లే మార్గం ఉందా?

స్వర్ణముఖి తీరం

ఉంది. డెస్క్‌టాప్ మీద క్రోమ్ షార్ట్‌కట్ మీద కుడి నొక్కు నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. టార్గెట్ గడిలో ఉన్నదాని చివర, కొటేషన్ గుర్తు తర్వాత ఒక ఖాళీ వదిలి, రెండు చిన్న అడ్డగీతలు కొట్టి, వాటిని ఆనుకునే గెస్ట్ అని ఆంగ్లంలో చిన్న అక్షరాల్లో రాసి సేవ్ చేయండి. కింద టాస్క్‌బారు మీదున్న పాత క్రోమ్ గుర్తు తీసేసి ఈ షార్ట్‌కట్‌నే అక్కడ పిన్ చేయండి, లేకపోతే సిబ్బంది అలవాటు కొద్దీ పాతదే నొక్కుతారు.